కొనుక్కొచ్చిన కూర



ఈ నెల పసుపు రైతుల అప్పుల గురించి వ్రాస్తామని గత మాసము మాట ఇచ్చాము. దానిని వచ్చే నెలకు వాయిదా వేస్తున్నాము, మన్నించండి. ఒక చిన్న సంగతి మా మనసులో ముల్లువలె గుచ్చుకొని యున్నది. ముందు దానిని తీసివేసుకోవాలి.

మేడిపల్లిలో మా సంఘమునకు చెందిన ఒక సహోదరి ఇంట ప్రతి నెల మొదటి గురువారము సాయంకాలము కుటుంబ కూడిక జరుగుతుంది. ఆమె భర్త పన్నెండేండ్లుగా దుబాయిలో ఉన్నాడు. ఒక్కగానొక్క కుమార్తె జపానులో ఉన్నది. ఇంట మిగిలినది ఆమె, మంచము పట్టిన అత్తగారు. పగలంతా చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతుంది. ఆ గురువారము మేము అనుకున్న వేళకంటె ముందే వెళ్లాము. ఆమె అత్తగారికి అన్నము కలుపుతున్నది. ప్రక్కన రెండు ప్లాస్టిక్ కవర్లు, మూతికి రబ్బరు బ్యాండు వేసినవి. ఒకదానిలో పప్పు, ఒకదానిలో వంకాయ కూర. మమ్మును చూడగానే వాటిని అన్నపు గిన్నె చాటుకు జరిపి, పైన పళ్లెము బోర్లించింది.

మేము చూడనట్టే కూర్చున్నాము. అయితే ఆమె ఎందుకు దాచిందో మాకు తెలుసు. అంతకు రెండు నెలల ముందు స్త్రీల కూడికలో మాట్లాడినది మేమే. కోరుట్లలోను జగిత్యాలలోను వీధి వీధికి కర్రీ పాయింట్లు వెలిశాయని, ఆడవారికి కూర వండే ఓపిక కూడా లేకపోయిందని, పొయ్యి చల్లారిన ఇంట ప్రేమ కూడా చల్లారుతుందని బల్ల గుద్ది చెప్పాము. అందరూ నవ్వారు. ఆ రోజు ఈమె ముందు వరుసలోనే కూర్చున్నది. నవ్విందో లేదో మేము గమనించలేదు.

కర్రీ పాయింటు సంగతి మన పాఠకులలో ఎరుగనివారు తక్కువ. పెద్ద పెద్ద గిన్నెలలో పప్పు, సాంబారు, రెండు మూడు కూరలు, ఒక వేపుడు, ఒక పచ్చడి పెట్టుకొని, అడిగినది గరిటెతో కవరులో పోసి కట్టి ఇస్తారు. కూర్చొని తినే బల్లలుండవు. అన్నము మన ఇంటిలో వండుకోవాలి, కూర మాత్రము అక్కడ తెచ్చుకోవాలి. ఈమె కోరుట్ల నుండి వచ్చే ఆటో అతనితో తెప్పించుకుంటుంది.

ప్రార్థన ముగిసిన పిమ్మట మేమే ఆ మాట ఎత్తాము. ఆమె తల వంచుకొనే చెప్పింది.

“తప్పే అయ్యగారూ. గాని ఏం చేయమంటరు? వెయ్యి బీడీలు చుడితెనే కూలి లెక్కకొస్తది. కూర వండే గంట సేపట్ల వంద బీడీలు అయితయి. అత్తమ్మ రెండు బుక్కలు తింటది, నేనింత తింట. ఇద్దరికి పావుకిలో వంకాయలు తెచ్చి, నూనె పోసి, గ్యాసు కాల్చి చేస్తే కొన్నదానికంటె పిరం పడుతది. ఆయన ఉన్నప్పుడు వండలేదా? పిల్ల ఉన్నప్పుడు వండలేదా?”

ఆ చివరి రెండు ప్రశ్నలకు మా దగ్గర జవాబు లేదు.

అంతలో ఆమె ఫోను మ్రోగింది. జపాను నుండి కుమార్తె. మన గడియారము కంటె జపాను మూడున్నర గంటలు ముందు నడుస్తుంది. మనకు రాత్రి ఏడున్నర అయితే అక్కడ పదకొండు. ఆ బిడ్డ నర్సింగు చదివి, హైదరాబాదులో జపాను భాష నేర్చుకొని, అక్కడ ఒక వృద్ధుల ఆశ్రమములో పని చేస్తున్నది. పని చేసే వయసువారు తక్కువై ముసలివారు ఎక్కువైన దేశము గనుక, 2019 ఏప్రిల్ నుండి జపాను ప్రభుత్వము ఇటువంటి పనులకు ప్రత్యేకమైన వీసా ఇస్తున్నది. మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడ నర్సింగు చదివిన పిల్లలకు భాష నేర్పించి పంపుతున్నది.

“ఏం తిన్నవు తల్లీ?” అని అడిగాము. ఆమె నవ్వి, మూడు మూలలుగా ఉన్న ఒక అన్నపు ముద్దను ఫోను ముందు పెట్టింది. “గిదే అయ్యగారూ నా బువ్వ. కొంబినిల కొన్న.”

కొంబిని అనగా ఇరవైనాలుగు గంటలు తెరచియుండే చిన్న దుకాణము. మన కిరాణా దుకాణమునకు అన్నవంటిది. సబ్బులు, కలములు, గొడుగులు, పత్రికలు అన్నీ ఉంటాయి. కరెంటు బిల్లు అక్కడే కట్టవచ్చును, డబ్బులు అక్కడే తీసుకోవచ్చును. కాని అందరూ లోపలికి వెళ్లేది ముఖ్యముగా తిండి కొరకే. అన్నపు ముద్దలు, అన్నము కూర కలిపి సర్దిన డబ్బాలు, సేమియావంటివి, రొట్టెలు, ఉడికిన గ్రుడ్లు, వేయించిన కోడి ముక్కలు. చలికాలమున వేడి పులుసులో ఉడుకుతున్న ముల్లంగి కూడ ఉంటుందట. డబ్బా కొన్నవారిని “వేడి చేయమంటారా?” అని అడిగి, వేడి చేసి, తినే పుల్లలతో సహా చేతికిస్తారు. జపాను దేశమంతటా ఇటువంటి దుకాణములు 55 వేలకు పైగా ఉన్నాయి.

ఆ ముద్దను వారు ఒనిగిరి అంటారు. మేము చూస్తుండగానే విప్పింది. దాని చుట్టూ సముద్రపు నాచును కాగితమువలె పలుచగా ఆరబెట్టిన నల్లని ఆకు ఉంటుంది. అది అన్నపు తడికి మెత్తబడకుండ మధ్యలో ఒక పలుచని పొర పెట్టారు. కవరు మీద 1, 2, 3 అని అంకెలు. ఆ వరుసలో లాగితే పొర జారిపోయి, ఆకు కరకరలాడుతూ అన్నమునకు అంటుకుంటుంది. ఒక ముద్దకు ఇంత ఆలోచన! లోపల ఉప్పులో ఊరిన పుల్లని పండు ఒకటి. “మన మామిడికాయ తొక్కు అనుకొని తింట” అన్నది ఆ బిడ్డ.

వండుకోవా అని అడుగబోయి ఊరకున్నాము. ఆమె తల్లి ఎదురుగానే ఉన్నది, తల్లి మాటలు ఇప్పుడే విన్నాము. అయినను ఆ బిడ్డే చెప్పింది. “డ్యూటీ దిగి వచ్చేసరికి గీ యాళ్ల అయితది. గదిల ఒక్కటే పొయ్యి. ఒక్కదానికి కూర చేస్తే మూడు రోజులు అదే తినాలె. కూరగాయలు మస్తు పిరం.” కంఠము వేరు, మాట అదే.

ఇంటికి వచ్చిన తరువాత ఆ దుకాణముల సంగతి కొంత చదివి తెలుసుకున్నాము. ఈ పద్ధతి మొదట అమెరికాది. 1927లో టెక్సాసు రాష్ట్రములోని డల్లసు పట్టణములో మంచు గడ్డలు అమ్మే ఒక దుకాణములో పాలు, రొట్టెలు, గ్రుడ్లు కూడ అమ్మసాగారు. అదే తరువాత ఉదయము ఏడు నుండి రాత్రి పదకొండు వరకు తెరచియుండునని సెవెన్-ఎలెవెన్ అను పేరు పెట్టుకున్నది. జపానులో దాని మొదటి అంగడి 1974 మే నెలలో టోక్యోలోని తోయోసు అనుచోట తెరచారు. మొదటి గిరాకి కొన్నది తిండి కాదు, చలువ కళ్లద్దములు!

తరువాత రెండు మూడేండ్లకు అన్నపు ముద్దలు అమ్మాలని చూచినప్పుడు ఆ కంపెనీలోనే చాలామంది వద్దన్నారట. అది తల్లులు ఇంట చేసి పెట్టే తిండి, అంగడిలో కొనేదెవరు అని వారి వాదము. నిజముగానే మొదట్లో రోజుకు రెండు మూడు కంటె అమ్ముడుపోలేదట. ఆకును అన్నమును వేరుచేసే ఆ పొరతో 1978లో అమ్మకమునకు వచ్చిన తరువాత పరిస్థితి మారింది. ఇది చదివినప్పుడు మాకు సిగ్గు వేసింది. స్త్రీల కూడికలో మేమన్న మాట, సుమారు యాభై ఏండ్ల క్రిందట జపాను పెద్దమనుషులు అన్న మాట ఒక్కటే. ఇంటిలో చేసుకునేదానిని కొనేదెవరు? కొనేవారు ఎవరో అక్కడి జనాభా లెక్కలు చెబుతున్నాయి. 2020 లెక్కల ప్రకారము జపానులో ప్రతి నూరు ఇండ్లలో 38 ఇండ్లు ఒక్క మనిషి కాపురములే.

ఇంకొక సంగతి మాకు తోచింది. వారి బియ్యము పొట్టిది, జిగురుగా ఉడుకుతుంది. ముద్ద చేస్తే చేతిలో నిలుస్తుంది. గనుక అన్నముతో సహా అంగడికి ఎక్కింది. మన అన్నము పొడిపొడిగా ఉంటుంది, చారో పప్పో లేనిదే ముద్ద కాదు, వేడిగా లేనిదే ముద్ద దిగదు. అందుచేత మన కర్రీ పాయింటులో అన్నము కంటె కూరే ఎక్కువ అమ్ముడుపోతుంది. కూర కొన్న ఇంట కూడ సాయంకాలము అన్నపు గిన్నె పొయ్యి మీదికి ఎక్కుతూనే ఉన్నది. పొయ్యి చల్లారిందని మేమన్న మాట లెక్క ప్రకారము కూడ తప్పే!

మన పెద్దలు పొలమునకు పోవుచు సద్ది కట్టుకొని పోయేవారు. అదియు ఇంటికి దూరముగా, పని మధ్యలో, చేతితో తినే తిండే. అయితే ఆ మూట ఎవరు కట్టారో తినేవారికి తెలుసు. ఉల్లిగడ్డ మరచిపోతే ఎవరిని కోపపడాలో కూడ తెలుసు.

ఈ కుటుంబములో మూడవ మనిషి సంగతి చెప్పలేదు. దుబాయిలో ఉన్న భర్త. మూడేండ్ల క్రిందట సెలవు మీద వచ్చినప్పుడు మాతో కూర్చొని మాట్లాడాడు. అక్కడ సందు సందుకు బకాలా అనే చిన్న దుకాణము ఉంటుంది. చాలావాటిని నడిపేది మలయాళీలు. కుబూస్ రొట్టె, మజ్జిగవంటి లబన్ సీసా, గ్రుడ్లు, ఉల్లిగడ్డ, ఫోను కార్డు అన్నీ అక్కడే. జీతము ఆలస్యమైన నెలలో పుస్తకములో వ్రాసుకొని అప్పు పెడతారు. క్యాంపు గదిలో వారు వంతులు వేసుకొని వండుకుంటారు గాని, వంతు తప్పిన రోజు, ఓవర్‌టైము పడిన రోజు, తెల్లవారుజామున బస్సు ఎక్కే రోజు కుబూస్ చాయలో ముంచుకొని తినడమే. “ఇన్నేండ్లల నేను తిన్న కుబూస్‌లు పేరిస్తే మన చర్చి అంత ఎత్తు అయితయి” అని నవ్వాడు. ఆ నవ్వు మాకు ఇంకా గుర్తున్నది.

ఒకే కుటుంబము. తల్లికి కోరుట్ల కవరు, తండ్రికి బకాలా రొట్టె, బిడ్డకు కొంబిని ముద్ద. ఒకే రాత్రి మూడు దేశములలో ముగ్గురూ అంగడి తిండి తిన్నారు. ముగ్గురిలో బద్ధకస్తులు ఎవరో పాఠకులే చెప్పాలి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతములలో ఇటువంటి కుటుంబములు ఎన్ని లేవు?

ఆ తరువాత ఒక శనివారము కోరుట్ల వెళ్లినప్పుడు ఆ కర్రీ పాయింటు ఎదుట నిలువబడి చూచాము. నడిపేది భార్యాభర్తలు. అతడు గల్ఫు నుండి తిరిగివచ్చినవాడు. ఆమె తెల్లవారుజామున లేచి కూరగాయలు తరుగుతుంది, పదిన్నరకు మొదటి వాయి, సాయంకాలము అయిదింటికి రెండవ వాయి. మేము నిలుచున్న అరగంటలో వచ్చినవారు: అద్దె గదిలో ఉండే ఒక ఉపాధ్యాయుడు, ఇద్దరు బ్యాంకు ఉద్యోగులు, కొడుకులు పరదేశములో ఉన్న ఒక ముసలాయన, పరీక్షలకు చదివే పిల్లలు, చేతులకు తంబాకు వాసన పోని ఇద్దరు స్త్రీలు. సంసారము పాడుచేసుకొని వచ్చినవారెవరూ మాకు కనబడలేదు. మరి మీ ఇంట ఏమి తింటారమ్మా అని ఆమెను అడిగాము. “మేమేం తింటమో మాకెట్ల తెలుస్తది సార్, గిరాకి ఏది మిగిలిస్తే అది. ఏం మిగలకపోతే తొక్కు” అన్నది. ఊరికంతటికి కూర వండే ఆమె రాత్రి పదింటికి తినేది అది.

ఇటువంటి కష్టము జపానులోను లేకపోలేదు. అక్కడి దుకాణములు చాలావరకు కంపెనీ పేరుతో సొంతదారులు నడిపేవే. ఒసాకా ప్రక్కన హిగాషిఒసాకా పట్టణములో ఒక దుకాణదారుడు, భార్య గతించి, పనివారు దొరకక, 2019 ఫిబ్రవరి నుండి రాత్రి ఒంటిగంట మొదలు ఆరు వరకు మూయసాగాడు. కంపెనీతో వివాదము పెరిగి ఆ సంవత్సరాంతమున ఒప్పందము రద్దయినది. 2022లో న్యాయస్థానము కూడ కంపెనీ పక్షమే తీర్పు చెప్పింది. అర్ధరాత్రి ముద్ద దొరుకుతున్నదంటే అర్ధరాత్రి ఎవరో మేలుకొని ఉన్నారన్నమాట. ఇప్పుడు ఆ మేలుకొని ఉండేవారిలో నేపాలు, వియత్నాము నుండి చదువులకు వచ్చిన పిల్లలు చాలామంది.

అయితే వారి దగ్గర నేర్చుకోదగినది ఒకటి ఉన్నది. ప్రతి ముద్ద మీద, ప్రతి డబ్బా మీద ఏ తేదీ, ఏ గంట వరకు తినవచ్చునో అచ్చువేస్తారు. ఆ గంట దాటితే అమ్మరు. అన్నము ఫ్రిజ్‌లో గట్టిపడుతుంది, ఎండలో పాడవుతుంది గనుక ముద్దలను సుమారు 20 డిగ్రీల చల్లదనములో ఉంచి, రోజుకు మూడు పర్యాయములు లారీలో తెస్తారు. దీనికి రెండవ వైపు కూడ ఉన్నది: గంట దాటినదంతా పారవేయవలసి వచ్చి చాలా ఆహారము వృథా అయ్యేది. పాతబడబోయేవాటిని ధర తగ్గించి అమ్ముకోనివ్వకుండ దుకాణదారులను అడ్డగించవద్దని 2009లో అక్కడి ప్రభుత్వము ఒక కంపెనీకి ఆజ్ఞ ఇవ్వవలసి వచ్చింది. 2019లో ఆహారము వృథా కాకుండ ఒక చట్టమే చేశారు. 2021 నుండి, వెంటనే తినేవారు వెనుకనున్న తాజాది లాగక ముందు వరుసలోనిదే తీసుకొండని దుకాణములలో చీటీలు అంటిస్తున్నారు. మన స్త్రీలు కూరగాయల బుట్ట అడుగున వెదకే అలవాటు గుర్తుకు వచ్చింది.

మన కర్రీ పాయింటు కవరు మీద గంట లేదు. గనుక నోటితో అడగాలి. ఇది పొద్దటి వాయా, సాయంత్రపు వాయా అని అడిగితే ఎవరూ కోపపడరు. పొద్దటిది సాయంకాలమునకు వద్దు. ఎండకాలములో పెరుగు పచ్చడి, కొబ్బరి వేసినవి రాత్రికి అసలే వద్దు. పప్పు, సాంబారు ఇంటికి తెచ్చిన తరువాత మరల ఒక పొంగు రానివ్వండి. బి.పి. ఉన్న ముసలివారికి నూనె తేలే వేపుడు కాక పప్పు తెండి. అన్నిటికంటె ముఖ్యము, స్టీలు డబ్బా తీసుకొని పొండి. సలసలకాగే పులుసు పలుచని కవరులో పోయించుకోవడము మంచిది కాదు. 120 మైక్రాన్ల కంటె పలుచని సంచులను దేశమంతటా 2022 డిసెంబరు 31 నుండి నిషేధించారు గాని, ఆ సంగతి మన అంగళ్లకు ఇంకా చేరినట్టు లేదు. మిర్చీ బజ్జీలు పాత పత్రికలో చుట్టించుకునేవారు కూడ గమనించాలి. అచ్చు సిరా తిండికి అంటుతుందని కేంద్ర ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది. (ఈ పత్రికతో కూడ చుట్టవద్దని మనవి!)

కిరాణా దుకాణము ముందు దండలవలె వ్రేలాడే చిప్సు పొట్లాలను గూర్చి మేము ఏమీ మార్చుకోలేదు. బడికి పోయే పిల్లవానికి అన్నమునకు బదులు అయిదు రూపాయల పొట్లము ఇవ్వడము వేరే సంగతి. దానిని ఇంకొకసారి చూద్దాము.

తరువాతి స్త్రీల కూడికలో, ఆ రోజు మేము తెలియక మాట్లాడామని, బాధపడినవారు క్షమించాలని చెప్పాము. కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తరువాత వెనుక వరుస నుండి ఒక పెద్దమ్మ లేచింది. “గట్లంటే ఎట్ల అయ్యగారూ? రేపటి నుంచి మా కోడండ్లు పొయ్యే ముట్టియ్యరు. మీరే ఇడుపు ఇచ్చినట్టు అయితది!” అందరూ నవ్వారు. ఈసారి మేము వరుస వరుసా చూచాము. ముందు వరుసలో ఆమె కూడ నవ్వుతున్నది. పెద్దమ్మ మాటలో న్యాయము లేదని మేము అనము. ఇంట నలుగురుండి, చేతులుండి, సమయముండి, ఒకరి పనిని ఒకరు అందుకోక రోజూ కవరు తెచ్చుకునే ఇండ్లు కూడ మాకు తెలుసు. కూర వండడము ఆడవారి పనే అన్నట్టు మేము మాట్లాడినది మాత్రము మా సహధర్మచారిణి ఇప్పటికీ గుర్తుచేస్తూనే ఉన్నది.

మొన్న మొదటి గురువారము మరల ఆ ఇంటికి వెళ్లాము. అన్నపు గిన్నె ప్రక్కన స్టీలు డబ్బా బాహాటముగా ఉన్నది. ఆటో అతనికి పొద్దున్నే డబ్బా ఇచ్చి పంపుతున్నదట. ఫోనును నీళ్ల బిందెకు ఆనించి నిలబెట్టింది. అటు నుండి బిడ్డ ముద్ద విప్పుతున్నది. తండ్రి ఇంకా బస్సులోనే ఉన్నాడు, కుబూస్ కొనలేదు. “ఏం కూర అమ్మా?” అని బిడ్డ అడిగింది. “బీరకాయ. కొన్నదే” అని తల్లి చెప్పి, మాకు కూడ పళ్లెము పెట్టింది. తిన్నాము. ఉప్పు కొంచెము ఎక్కువైనది. ఈసారి కోరుట్ల వెళ్లినప్పుడు ఆ అమ్మతో చెప్పాలి.